1,500 అడుగుల బోరు వేసే ముందు ఊరి నీళ్ల లెక్క ఒకసారి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు పక్కన హొసకోట దాటాక ఉన్న మీ ఊళ్లో 210 ఇళ్లు, 900 మంది జనం, 250 దాకా పశువులు. పంచాయతీ బోర్లు రెండు. 1,150 అడుగుల బోరు పోయిన వేసవిలో ఎండిపోయింది. 620 అడుగుల బోరులో పొద్దున నీళ్లు 150 అడుగుల్లో ఉంటున్నాయి, పంపు 560 అడుగుల్లో ఉంది, 200 లీటర్ల డ్రమ్ము రెండు నిమిషాలకు నిండుతోంది, గంట తిరిగేసరికి గాలి కొడుతోంది. మూడో బోరు 1,500 అడుగులు వేయిద్దామని పంచాయతీలో మాట నడుస్తోంది, టెంకాయ పట్టించి చోటు కూడా చూశారు. వేయొచ్చా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. మీ రెండో బోరు మీరు అనుకున్నంత చెడిపోలేదు, దాన్ని వాడే పద్ధతి చెడింది. మీ ఊరి తాగునీటి అవసరం కూడా మీ ఊరి భూమిలోకి దిగే నీళ్లలో చాలా చిన్న వంతు. ఈ రెండూ అంకెలతో చూపిస్తాను. ఆ తర్వాత కూడా కొత్త బోరు అవసరమే అనిపిస్తే, దాన్ని ఎక్కడ, ఎంత లోతు, ఎలా వేయాలో కూడా చెబుతాను.

ముందు కింద ఉన్న రాయి సంగతి. హొసకోట, మాలూరు, కోలారు, చింతామణి, అటు హిందూపురం, మదనపల్లె దాకా మన కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్, దాన్ని పోలిన నైస్ అనే రాయి. ఇది నీళ్లు పీల్చుకునే రాయి కాదు. పైన ఎర్రమట్టి, దాని కింద కుళ్లిపోయి మెత్తబడ్డ రాయి. ఈ మెత్తరాయి సాధారణంగా 10 నుంచి 30 మీటర్ల మందం ఉంటుంది. ఆ కింద గట్టిరాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. నీళ్లు దాచే గాదె ఆ మెత్తరాయి పొరే. కింది పగుళ్లు ఆ గాదెకు పెట్టిన కంతల్లాంటివి. కంత ఎంత లోతున ఉన్నా గాదెలో గింజ ఉంటేనే రాలుతుంది.

దీన్ని అంకెల్లో చూడండి. ఊరి పొలిమేర 1,000 ఎకరాలు, అంటే సుమారు 400 హెక్టార్లు అనుకుందాం. మెత్తరాయిలో తడిసి ఉన్న పొర నుంచి పిండితే బయటికి వచ్చేది దాని ఘనపరిమాణంలో 2 శాతం ప్రాంతం. కాబట్టి ఊరంతటా నీటిమట్టం ఒక మీటరు దిగితే 8 కోట్ల లీటర్లు మనకు వచ్చినట్టు. మట్టం గట్టిరాయిలోకి జారాక ఆ 2 శాతం కాస్తా 0.2 శాతం అయిందనుకోండి, అదే ఒక మీటరుకు దక్కేది 80 లక్షల లీటర్లే. అప్పటిదాకా ఏడాదికి మీటరో రెండు మీటర్లో దిగిన మట్టం ఉన్నట్టుండి వందల అడుగులు పడిపోవడం వెనక ఉన్న కారణం ఇదే. జనం "బోరు హఠాత్తుగా పోయింది" అంటారు. గాదె అంతకు ముందు కొన్నేళ్లుగా ఖాళీ అవుతూనే ఉంది.

లోతుకు పోయేకొద్దీ పైరాయి బరువుకు పగుళ్లు మూసుకుంటూ పోతాయి, వాటి సంఖ్యా తగ్గుతుంది. 1,200 అడుగుల్లో నీళ్లు పడిన బోర్లు లేవని కాదు, ఉన్నాయి. అక్కడ దొరికేది చాలాకాలంగా నిలిచి ఉన్న నిల్వ నీరు. కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో పోసి నిలిచిపోతుంది, ఎందుకంటే అంత లోతుకు ఏటా చేరే వాన నీరు అత్యల్పం. ఇంకో నష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కేసింగ్, అంటే లోపలి గొట్టం, లేని లోతైన బోరు పై పగుళ్లను, కింది ఎండు పగుళ్లను కలిపేస్తుంది. 200 అడుగుల్లో ఉన్న ఊట ఆ బొక్క గుండా కిందికి జారిపోతుంది. ఎండిన బోరు మీద చెవి పెట్టి వింటే లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది కదా, అదే. అంటే కొత్త లోతు బోరు మీ 620 అడుగుల బోరు ఊటనే తాగేయవచ్చు.

కరెంటు ఖర్చు కూడా చూడండి. పంపు, మోటారు కలిపి 45 శాతం సామర్థ్యం అనుకుంటే, 190 మీటర్ల ఎత్తుకు 1,000 లీటర్లు ఎక్కించడానికి 1.15 యూనిట్లు కావాలి. 430 మీటర్ల నుంచైతే 2.6 యూనిట్లు. రోజుకు 40,000 లీటర్లకు 46 యూనిట్ల చోట 104 యూనిట్లు. ఈ బిల్లు ఏటేటా పంచాయతీ మెడకే.

ఇక ఊరి లెక్క. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. 900 మందికి 49,500. పశువుకు 50 చొప్పున 250 పశువులకు 12,500. మొత్తం 62,000. పైపుల్లో, కొళాయిల్లో 15 శాతం కారిపోతుందనుకుంటే బోర్ల దగ్గర తోడాల్సింది 73,000 లీటర్లు. ఏడాదికి 2 కోట్ల 66 లక్షల లీటర్లు.

భూమిలోకి దిగేది ఎంత? మీ వైపు ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. బంకమన్ను తక్కువున్న ఇలాంటి నేలలో అందులో 10 నుంచి 12 శాతం భూగర్భానికి చేరుతుందని కేంద్ర భూగర్భజల అంచనాల్లో వాడే ప్రమాణం. బంకమన్ను ఎక్కువైతే 8 శాతానికి తగ్గుతుంది. 10 శాతమే వేసుకున్నా మీ 1,000 ఎకరాల మీద ఏటా 30 కోట్ల లీటర్లు. ఊరు తాగేది, కడుక్కునేది, పశువులకు పెట్టేది కలిపి ఇందులో 9 శాతం. మిగతాదంతా ఎక్కడికి పోతోందో పొలాల్లో కనిపిస్తుంది. బోరు కింద ఎకరం వరికి పంట కాలంలో 1,200 మిల్లీమీటర్లు పారిస్తే 48 లక్షల లీటర్లు దాటుతుంది. ఐదున్నర ఎకరాల వరి తాగే నీళ్లతో మీ ఊరు ఏడాదంతా బతుకుతుంది. డ్రిప్పు కింద టమాటా ఎకరానికి ఒక పంటకు 20 లక్షలు వేసుకోండి, 150 ఎకరాలకు ఊరి మొత్తం ఊట సరి. డ్రిప్పు వేశాం కదా, నీళ్లు ఆదా అయ్యాయి అని సంబరపడి, అదే బోరు కింద రెండెకరాలను నాలుగు చేస్తే ఆదా అయింది ఏమీ ఉండదు.

బెంగళూరు అంచు ఊళ్లకు ఇంకో చిల్లు ఉంది, ట్యాంకరు అమ్మకం. నగరంలో కొరత వచ్చినప్పుడల్లా, 2024 వేసవిలో వచ్చినట్టు, చుట్టుపక్కల పొలాల బోర్ల నుంచి ట్యాంకర్లు నిండుతాయి. 6,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు పన్నెండు వెళ్లాయంటే మీ ఊరి మొత్తం రోజువారీ అవసరం ఊరు దాటినట్టే. మీ ఊళ్లో అలాంటి బోరు ఒకటుంటే ముందు దాన్ని లెక్కలో రాయండి.

ఇప్పుడు మీ 620 అడుగుల బోరు దగ్గరికి వద్దాం. ఆరున్నర అంగుళాల బోరులో ఒక అడుగు నీటి స్తంభంలో ఆరున్నర లీటర్లు ఉంటాయి. గుర్తు పెట్టుకోవడం సులువు, ఈ సైజులో అంగుళమూ లీటరూ ఒకే అంకె. 150 నుంచి 560 దాకా 410 అడుగులు, అంటే దాదాపు 2,660 లీటర్లు రాత్రంతా ఊటగా చేరి బోరులోనే నిలబడి ఉన్నాయి. మీ పంపు గంటకు 6,000 తోడుతోంది. గాలి కొట్టేలోపు వచ్చిన 6,000లో 2,660 నిల్వ పోగా, రాతిలోంచి ఆ గంటలో వచ్చిన ఊట 3,300 లీటర్లు. బోరులో ఊట ఉంది, మీ పంపు దానికి మించి లాగుతోంది.

ఇలాంటి పెద్ద పంపులు ఎందుకు దిగుతాయంటే, వ్యవసాయ ఫీడరులో, అంటే పొలాల మోటార్లకు విడిగా ఇచ్చే కరెంటు లైనులో, త్రీఫేజు కరెంటు రోజుకు కొన్ని గంటలే ఉంటుంది, ఆ కొన్ని గంటల్లోనే అంతా లాగేయాలన్న తొందర. చుట్టుపక్కల రైతుల ఆటోస్టార్టర్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి లేస్తాయి, అన్ని బోర్లూ ఒకే పగులులోంచి లాగుతాయి, తాగునీటి బోరు ఆ పోటీలో ఓడిపోతుంది. మీ పంచాయతీ బోరు ఏ ఫీడరు మీద ఉందో ఈ వారమే చూడండి. ఊరి ఇళ్లకు కరెంటు ఇచ్చే ఫీడరు మీదికి మార్పించుకోగలిగితే సగం కష్టం తీరుతుంది.

పంపు మార్చే ముందు బోరును ఒకరోజు సరిగ్గా పరీక్షించండి. దానికి నీటిమట్టం కొలిచే ఏర్పాటు కావాలి. పంపు ఎత్తిన రోజునే డెలివరీ పైపు పక్కన ముప్పావు అంగుళం పీవీసీ పైపును కట్టుకుంటూ దించండి. పంపుకు రెండు మీటర్ల పైన ఆగాలి, అడుగు మూత వేసి, చివరి మీటరులో చిన్న చిన్న బెజ్జాలు పెట్టాలి. ఇది లేకుండా కొలత తీగ దించితే పంపు కేబులుకు చుట్టుకుని అక్కడే తెగుతుంది. కొలత తీగ అంటే మీటరు మీటరుకూ గుర్తు పెట్టిన రెండు పోగుల వైరు, చివర రెండు రాగి మొనలు తగలకుండా విడివిడిగా, కింద చిన్న బరువు. పైన మల్టీమీటరు. మొనలు నీటిని తాకగానే ముల్లు కదులుతుంది. బోరు నోటి దగ్గర ఒక చోట రంగు గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవండి.

పరీక్షకు ముందు రాత్రంతా మోటారు ఆపాలి, వీలైతే చుట్టుపక్కల రైతుల్ని కూడా ఆ ఒక్క రాత్రికి బతిమాలండి. పొద్దున నిలకడ మట్టం రాసుకుని, గేటు వాల్వు బిగించి గంటకు 2,500 లీటర్లే వచ్చేలా పెట్టండి, అంటే 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి 4 నిమిషాల 48 సెకన్లు. మొదటి 10 నిమిషాల్లో రెండేసి నిమిషాలకు, గంటదాకా పది నిమిషాలకు, తర్వాత గంటకోసారి మట్టం రాయండి. మట్టం దిగేకొద్దీ పోత తగ్గుతుంది, అప్పుడు వాల్వు కొంచెం తెరిచి డ్రమ్ము సమయం అదే ఉండేలా చూడాలి. చాలామంది తప్పేది ఇక్కడే. పోత మారిపోతూ ఉంటే ఆ రీడింగులకు అర్థం ఉండదు. కనీసం 12 గంటలు నడపండి. ఆపాక కూడా అదే పద్ధతిలో, మట్టం ఎంత వేగంగా పైకి వస్తోందో రాయండి. 12 గంటల్లో పాత మట్టానికి దాదాపు చేరుకుంటే ఆ పోత బోరు భరిస్తుంది. ఏ రోజుకారోజు రెండు మూడు అడుగులు వెనకబడుతుంటే, 2,500 కూడా ఎక్కువే, తగ్గించాలి. ఈ పరీక్ష మే నెలలో చేసిన అంకెనే నమ్మండి. నవంబరులో ఏ బోరైనా బాగానే పోస్తుంది.

గంటకు 2,500 నిలబడితే, నాలుగు గంటల పోత, రెండు గంటల విరామం, ఇలా రోజుకు నాలుగు విడతలు. 16 గంటలకు 40,000 లీటర్లు. మధ్యలో విరామం ఎందుకంటే, మట్టం ముఖ్యమైన పగులు కంటే కిందికి దిగనివ్వకూడదు. పగులు గాలికి తెరుచుకుంటే నీటిలో కరిగి ఉన్న సున్నం, ఇనుము అక్కడే పేరుకుని, కొన్నాళ్లకు ఊట దారినే పూడుస్తాయి. బోరు వేసినప్పుడు ఏ లోతుల్లో నీళ్లు పడ్డాయో పంచాయతీ కాగితాల్లోనో, రిగ్గు వాళ్ల పుస్తకంలోనో ఉంటుంది, వెతికించండి.

ఈ పోతకు 190 మీటర్ల ఎత్తు (హెడ్డు) మీద 5 హెచ్‌పీ, 4 అంగుళాల సబ్‌మెర్సిబుల్ చాలు. ఒక జాగ్రత్త: ఆరున్నర అంగుళాల బోరులో సన్నటి మోటారు చుట్టూ నీళ్లు మెల్లగా కదులుతాయి, మోటారు చల్లబడదు, వైండింగు కాలిపోతుంది. అందుకని 125 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను మోటారు మీద తొడుగులా వేసి, పైన పంపు నీళ్లు పీల్చే జల్లెడకు పైభాగంలో మూసేయాలి. అప్పుడు నీళ్లు తప్పనిసరిగా మోటారును రాసుకుంటూ పైకి వస్తాయి. స్టార్టరులో డ్రై రన్ రక్షణ ఉండాలి, పంపుకు మూడు మీటర్ల పైన ఒక ఎలక్ట్రోడు, నీళ్లు అక్కడికి దిగితే మోటారు ఆగిపోవాలి. పంపును పగులుకు ఎదురుగా పెట్టొద్దు, బోరు అడుగున బురదకు ఆనించొద్దు.

40,000 ఇలా వచ్చాయి, కావాల్సింది 73,000. మిగతా 33,000లో పశువుల 12,500 తాగునీటి బోరు నుంచి రానక్కర్లేదు. ఊళ్లో పాత మెట్ల బావో, రాతి బావో ఉండే ఉంటుంది. పూడిక తీయించండి. ఈ పనికి మన వైపు మన్ను వడ్డర్లను మించినవాళ్లు లేరు. బెంగళూరు చుట్టూ తరతరాలుగా బావులు తవ్వుతున్నది వాళ్లే, నగరంలో ఇంకుడు బావులు తవ్వుతున్నదీ వాళ్లే. పశువుల తొట్టికి నీళ్లు అక్కడి నుంచి పెట్టండి. ఇక కారిపోయేది 11,000. తెల్లవారుజామున అందరి కొళాయిలూ కట్టేయించి, ట్యాంకు మట్టం గంటలో ఎంత దిగిందో చూడండి. దిగిందంటే ఆ నీళ్లు భూమిలోకి పోతున్నాయి. వీధి వీధికీ వాల్వు మూసుకుంటూ పోతే కారే చోటు తెలుస్తుంది. ఇందులో సగం ఆపినా కొత్తగా దొరకాల్సింది 15,000 లీటర్ల చిల్లరే. అంత కోసమే కొత్త బోరు.

కొత్త బోరు చోటు. టెంకాయ మీద నమ్మకం ఉన్నవాళ్లను నొప్పించను, కానీ పంచాయతీ డబ్బు పెట్టేటప్పుడు రెసిస్టివిటీ సర్వే చేయించండి. భూమిలోకి కరెంటు పంపి ఏ లోతులో రాయి మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిపడిందో చూపే పరీక్ష అది. చోటు ఎంచేటప్పుడు నేను చూడమనేవి మూడు. మెత్తరాయి మందంగా ఉండాలి, చెరువు కట్టకు దిగువ గానీ పల్లం గానీ అయి ఉండాలి, పాత పోత బోర్లకు వీలైనంత దూరంగా ఉండాలి. పొలాల్లో నల్లరాతి గుండ్లు ఒకే వరసలో తేలి ఉంటే అది డోలరైట్ డైకు, భూమిలో నిలువు గోడలాంటిది. నీళ్లు వచ్చే ఎగువ వైపున, దానికి కొంచెం ఎడంగా వేస్తే ఊట నిలిచి ఉండే అవకాశం ఎక్కువ.

రిగ్గు నడుస్తున్నప్పుడు ఊరి తరఫున ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చోవాలి. పది అడుగులకోసారి వచ్చిన రాతి పొడిని వరసగా కుప్పలు పోయండి. ఎర్రగా, పసుపుగా, నునుపు తగ్గిన ముక్కలతో వస్తే నీళ్లు తిరిగిన రాయి. బూడిద రంగు మెత్తటి పిండి ఒకేలా వస్తుంటే పగుళ్లు లేని గట్టిరాయి. రాడ్డు మార్చిన ప్రతిసారీ వీ-నాచ్ పలక, అంటే V ఆకారపు గాడి ఉన్న పలక, మీద పోత కొలిపించండి. అంగుళాల లెక్క మోసపూరితం. 90 డిగ్రీల నాచ్‌లో ఒక అంగుళం ఎత్తు పారితే గంటకు 500 లీటర్ల పైచిలుకు, రెండంగుళాలైతే 2,900, మూడంగుళాలైతే దాదాపు 8,000. అంగుళానికీ రెండంగుళాలకీ తేడా రెట్టింపు కాదు, ఐదున్నర రెట్లు. పైగా రిగ్గు కంప్రెసరు గాలితో ఎగజిమ్మినప్పటి పోతలో నిల్వ నీరు కూడా కలిసి ఉంటుంది, అదే రోజూ వస్తుందనుకుని పంపు కొనొద్దు. చివరి 200 అడుగుల్లో కొత్త నీళ్లేమీ కలవకుండా బూడిద పిండే వస్తుంటే ఆపేయండి. "ఇంకో వంద చూద్దాం" అనే మాట మీదే పంచాయతీల డబ్బు ఎక్కువగా పోయేది.

కేసింగు పైపు గట్టిరాయిలోకి ఒకటి రెండు మీటర్లు దిగి కూర్చోవాలి, పైపు చుట్టూ ఉన్న సందును పైనుంచి కనీసం కొన్ని మీటర్లు సిమెంటు పాలతో నింపాలి. పైన చుట్టూ వాలు ఉన్న గచ్చు. ఇవి లేకపోతే మొదటి వానకే వీధి మురుగు పైపు పక్కగా దిగి బోరులో కలుస్తుంది.

ఊట మీద పోటీ తగ్గించే దారి చట్టంలో ఉంది, వాడండి. కర్ణాటకలో 1999 నాటి తాగునీటి వనరుల రక్షణ చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 500 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి గానీ బోరు గానీ వేయకూడదు. 2011 భూగర్భజల చట్టం దీనికి తోడు. మీ రెండు బోర్ల చుట్టూ 500 మీటర్ల గీత గీసిన పటాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. గొడవతో మొదలుపెట్టొద్దు. ఆ గీతలో ఇప్పటికే బోర్లున్న రైతులు మీ వాళ్లే. వాళ్లను మొదట అడగాల్సింది పంట సంగతి: వేసవి వరి మానితే చాలు, రాగికి వరి తాగే దాంట్లో మూడో వంతు ప్రాంతం నీరు సరిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాలు ఏడింటిలో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు కింద రైతులే బోర్ల మట్టాలు కొలిచి, వర్షం రాసుకుని, వానాకాలం అయ్యాక ఊరంతా కూర్చుని ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత పడుతుందో లెక్క కట్టారు. ఎవరి మీదా ఆజ్ఞ లేదు, లెక్క గోడ మీద ఉండేది, అది చూసి ఎవరి పంట వాళ్లే ఎంచుకున్నారు. మీకు కావాల్సిన పద్ధతి ఇదే. నవంబరు మొదటి వారంలో ఈ సమావేశం పెట్టండి, మన వైపు సెప్టెంబరు, అక్టోబరు వానలే పెద్దవి కాబట్టి అప్పటికి గాదెలో ఎంత చేరిందో తెలిసిపోతుంది.

నీలగిరి తోటల గురించి కూడా ఒక మాట. హొసకోట వైపు అవి చాలా ఉన్నాయి. లోతైన వేర్లు నేలలో చెమ్మను లాగేస్తాయి, ఆ ఎండిన మందమంతా తడిస్తే గానీ వాన నీరు కిందికి దిగదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఉన్నవి కొట్టాక మొద్దులు పెకలించకపోతే మళ్లీ చిగురేస్తాయి.

ఇంకుడు పనుల్లో ఏది ముందు? అందరూ బడి కప్పు వాన నీటితో మొదలుపెడతారు. 300 చదరపు మీటర్ల కప్పు మీద, వృథా పోయేది తీసేస్తే, ఏడాదికి 1 లక్షా 80 వేల లీటర్లు వస్తాయి. అవి శుభ్రమైన నీళ్లు, భూమిలోకి పంపడం కంటే తొట్టిలో పట్టి పిల్లలకు వంటకు, తాగడానికి వాడటం మేలు. ఇంకుడుకు అసలు చోటు పొలాలు, చెరువు. పొలం గట్లు సరిచేసి ఎకరంలో అదనంగా 10 మిల్లీమీటర్ల వాన ఇంకేలా చేస్తే ఎకరానికి 40,000 లీటర్లు. 1,000 ఎకరాలకు 4 కోట్లు, మీ ఊరి ఏడాది అవసరానికి ఒకటిన్నర రెట్లు. ఉపాధి హామీలో గట్ల పని పెట్టించుకోవచ్చు.

చెరువులో పూడిక తీసేటప్పుడు కట్ట పాదానికి దగ్గరగా తవ్వొద్దు, కట్ట జారుతుంది. ఇటుకలకు మట్టి తీసినట్టు ఒకచోటే గుంత తవ్వడం కూడా పనికిరాదు, పూడిక పొరను పలచగా, విస్తారంగా తీయాలి. చెరువులోకి వచ్చే కాలువలు ముందు తెరిపించండి, కాలువ మూసుకుపోయిన చెరువులో ఎంత తీసినా నిండదు. మీ చెరువుకు కేసీ వ్యాలీ పథకం నీళ్లు చేరేటట్టయితే, 2018 నుంచి బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీరు కోలారు చెరువులకు వెళ్తోంది కదా, మట్టం పెరగడం ఖాయం. కానీ ఆ చెరువు దిగువ బావులను, బోర్లను తాగడానికి వాడే ముందు నైట్రేటుకు, క్రిములకు తప్పక పరీక్ష చేయించండి.

ఎండిన 1,150 అడుగుల బోరును ఇంకుడు బోరుగా మార్చవచ్చు, ఒక షరతు మీద. ముందు 5,000 లీటర్ల ట్యాంకరు దాంట్లో పోసి మట్టం ఎంత త్వరగా దిగుతోందో చూడండి. నిలబడిపోతే ఆ బోరు నీళ్లు తీసుకోదు, వదిలేయండి. తీసుకుంటే చుట్టూ పది అడుగుల గుంత తవ్వి, ఆ లోతు మేర కేసింగుకు బెజ్జాలు పెట్టి నైలాన్ జాలీ రెండు చుట్లు చుట్టండి. అడుగున పెద్ద రాళ్లు, పైన 40 మిల్లీమీటర్ల జల్లి, దాని పైన 20 మిల్లీమీటర్ల జల్లి, పైన రెండడుగుల ఇసుక. నీళ్లు గుంతలోకి వచ్చే ముందు మట్టి దిగే తొట్టి ఒకటి తప్పనిసరి, అది లేకపోతే రెండు వానలకే ఇసుక మీద బంకమన్ను గట్టిపడి అంతా మూసుకుపోతుంది. ఏటా ఏప్రిల్‌లో పై ఇసుక తీసి కడగాలి. పశువుల పేడ, ఎరువులు కలిసిన వీధి నీటిని ఇందులోకి వదలొద్దు, మురుగు నేరుగా పగుళ్లలోకి పోయి మీ తాగునీటి బోరులో తేలుతుంది. నడుస్తున్న తాగునీటి బోరు చుట్టూ ఇలాంటి గుంత అసలు వద్దు.

ఇంకుడుకు వాడని బోరు నోరు మాత్రం వెల్డింగు మూతతో మూసి, గుంతను మట్టితో నింపించండి. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. పిల్లలు తిరిగే ఊరు.

నీటి నాణ్యత. లోతు బోర్లలో ఫ్లోరైడ్ పెరుగుతుంది, ఎందుకంటే నీరు రాతిలో ఎక్కువ కాలం నిలిచి ఖనిజాన్ని కరిగించుకుంటుంది. తాగునీటి ప్రమాణంలో కోరదగినది లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే వనరు లేనప్పుడు 1.5 దాకా. 1,500 అడుగుల నీళ్లు దొరికినా ఫ్లోరైడు మీరిందంటే మళ్లీ ఆర్‌ఓ ప్లాంటు, అందులో పారబోసే నీళ్లు, ఇంకో ఖర్చు. పై బావుల్లో, తక్కువ లోతు బోర్లలో చూడాల్సింది నైట్రేటు, లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి జిల్లా ప్రయోగశాలకు పంపండి. వీధి కొళాయిలో పట్టిన నీళ్లు కాదు, పది నిమిషాలు బోరు నడిచాక బోరు దగ్గరే పట్టిన నీళ్లు పంపాలి.

పంపు దించిన ప్రతిసారీ బోరును క్లోరిన్‌తో కడగండి. 100 మీటర్ల నీటి స్తంభానికి 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగు పొడి 350 గ్రాములు, బకెట్టులో కలిపి తేరిన నీళ్లే పోయాలి, మడ్డి పోయకూడదు. రాత్రంతా ఉంచి మర్నాడు వాసన పోయేదాకా బయటికి తోడేయండి. ఓవర్‌హెడ్ ట్యాంకులో రోజూ 50,000 లీటర్లకు సుమారు 330 గ్రాములు, చివరి ఇంటి కొళాయిలో క్లోరిన్ 0.2 మిల్లీగ్రాములు కనిపించాలి. కనిపించకపోతే మోతాదు పెంచే ముందు మధ్యలో మురుగు కలిసే చోటుందేమో చూడండి.

నీటిగంటికి, అంటే ఊరి మోటారు, వాల్వులు చూసే మనిషికి, ఒక నోటు పుస్తకం కొనివ్వండి. సోమవారం పొద్దున 5 గంటలకు మోటారు వేయకముందు మట్టం, ఆ వారం పడిన వాన, మోటారు నడిచిన గంటలు, డ్రమ్ము నిండిన సమయం, ఈ నాలుగే రాయాలి. బావి పనికీ, పంపు మార్పుకూ ముందు మీరు నాకు రాయాల్సినవి: 620 అడుగుల బోరులో నీళ్లు పడిన లోతులు, 12 గంటల పరీక్ష రీడింగులు, తేరుకోవడానికి పట్టిన సమయం, 500 మీటర్ల గీతలో ఉన్న బోర్ల సంఖ్య. అవి వస్తే పంపు స్టేజీలు (లోపలి చక్రాలు) ఎన్ని ఉండాలో, కొత్త బోరు నిజంగా కావాలో లేదో కచ్చితంగా చెప్పగలను.